ప్రతి కడుపునొప్పీ గ్యాస్ కాదు

కాలేజీ వయసు అమ్మాయికి కడుపు ఉబ్బినా, నొప్పి వచ్చినా, వికారం పుట్టినా చాలా తెలుగు ఇళ్లలో వచ్చే తీర్పు ఒక్కటే: గ్యాస్. వేళకు తినదు, బయటి తిండి మానదు, అన్నిటికీ టెన్షన్ పడుతుంది కాబట్టి గ్యాస్ పట్టిందంటారు. మందుల షాపు నుంచి పాంటోప్రజోల్ తెచ్చి పరగడుపున వేయిస్తారు. ఈ ధోరణి తప్పు, ప్రమాదకరం కూడా. ఈ లక్షణాలకు కారణాలు అనేకం. అన్నిటినీ గ్యాస్ ఖాతాలో వేయడంతో అసలు కారణం వెతికే పని అక్కడే ఆగిపోతుంది.

పాంటోప్రజోల్ చేసే పని జీర్ణాశయంలో ఊరే ఆమ్లాన్ని తగ్గించడం. గుండెల్లో మంటకు, పుల్లటి తేన్పులకు అది పనికొస్తుంది. పొట్టను ఉబ్బించే వాయువు మాత్రం చాలావరకు పెద్దపేగులో, అరగని పిండిపదార్థాలను బ్యాక్టీరియా పులియబెట్టడం వల్ల పుడుతుంది. అక్కడ ఈ బిళ్ల చేయగలిగింది లేదు. డాక్టరు సలహా లేకుండా ఏళ్ల తరబడి మింగితే శరీరంలో బి12 తగ్గవచ్చు, పేగు ఇన్‌ఫెక్షన్ల ముప్పు పెరగవచ్చు.

కారాన్నీ టెన్షన్‌నూ నిందించడం వైద్యరంగం కూడా చేసిన పొరపాటే. అల్సర్లకు అవే మూలమని దశాబ్దాలపాటు నమ్మారు. 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాను గుర్తించాక ఆ నమ్మకం కూలింది. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది. నింద అలవాట్ల మీద వేసినంత కాలం, యాంటీబయాటిక్స్‌తో నయమయ్యే జబ్బుకు సరైన మందు అందలేదు.

యువతుల విషయంలో మొదట చూడాల్సింది నెలసరి తేదీ. దానికి ముందు రోజుల్లో ప్రొజెస్టిరోన్ హార్మోన్ ప్రభావంతో పేగుల కదలిక మందగించి ఉబ్బరం, మలబద్ధకం రావచ్చు. నెలసరి మొదలవగానే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు గర్భాశయంతో పాటు పేగులనూ సంకోచించేలా చేస్తాయి, దాంతో విరేచనాలు కావచ్చు. ప్రతి నెలా ఆ రోజుల్లోనే మలవిసర్జనకు తీవ్రమైన నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్‌ను (గర్భాశయ లోపలి పొర లాంటి కణజాలం గర్భాశయం బయట పెరిగే జబ్బు) అనుమానించాలి.

మందులూ కారణమే. నెలసరి మొదటి రోజున టిఫిన్ మానేసి, మెఫనమిక్ ఆమ్లం ఉన్న నొప్పి బిళ్ల వేసుకుని బస్సెక్కే అమ్మాయికి మధ్యాహ్నానికి కడుపులో మంట మొదలైతే, దోషం ఖాళీ కడుపున పడిన ఆ బిళ్లది కావచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దానికిచ్చే ఐరన్ బిళ్లలతో మలబద్ధకం రావచ్చు. శుభ్రమైన మరుగుదొడ్డి లేని చోట నీళ్లు తాగక, విసర్జన బిగబట్టడం మరో కారణం. అది అమ్మాయి తప్పు కాదు, ఆ వసతి కల్పించని సంస్థది. పాలు పడకపోవడం, థైరాయిడ్ లోపం, ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అనే పేగుల సమస్య కూడా ఈ జాబితాలోనివే.

ఇంటి వైద్యం కారణాన్ని బట్టి ఉండాలి. తిన్నది, విసర్జన తీరు, నెలసరి తేదీ నాలుగు వారాలు రాసిపెడితే కారణం పట్టుకోవడానికి ఆధారం దొరకవచ్చు. పాల మీద అనుమానముంటే రెండు వారాలు ఆపి చూడాలి. మజ్జిగ చాలామందికి పడుతుంది. మలబద్ధకానికి జొన్నరొట్టె, ఆకుకూరలు, జామపండు మెల్లగా పెంచాలి, ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం ఎక్కువవుతుంది. టిఫిన్ తిన్నాక పేగులు సహజంగా కదులుతాయి కాబట్టి ఆ వేళకే మరుగుదొడ్డికి వెళ్లడం అలవాటు చేసుకోవాలి. విరేచనాలకు ప్యాకెట్‌పై రాసిన కొలత నీటిలో ఓఆర్‌ఎస్ కలిపి తాగాలి. నెలసరి నొప్పికి వేడినీళ్ల కాపడం, తిన్నాకే బిళ్ల. వాము నీళ్లు ఉపశమనానికి తాగవచ్చు, వాటిని నమ్ముకుని పరీక్షలు వాయిదా వేయకూడదు.

కొన్ని లక్షణాలకు ఇంటి వైద్యం పనికిరాదు. మలంలో రక్తం, ఐరన్ వాడకపోయినా నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలేపే నొప్పి, ఆగని వాంతులు, కామెర్లు ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగే నొప్పి అపెండిసైటిస్ కావచ్చు. నెల తప్పి, పొత్తికడుపులో నొప్పి వస్తే అది గర్భాశయం బయట నిలిచిన గర్భం కావచ్చు, ప్రాణాపాయం. పెళ్లి కాలేదన్న మొహమాటంతో ఆ ప్రశ్న దాటవేయకుండా గర్భ పరీక్ష చేయించి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.