నాలుగు లక్షల దాకా జమానతు ఎందుకు?

బ్యాంకు గడప బోధన్ రైతుకు కొత్త కాదు. చెరుకు నాటితే పంట లోను, బోరు వేస్తే ఒక లోను, ట్రాక్టరుకు ఇంకో లోను. పట్టా పాసుబుక్కు బల్ల మీద పెడితే మేనేజరు కూర్చోమంటాడు. అదే రైతు తన బిడ్డకు ఇంజనీరింగ్‌లోనో నర్సింగ్‌లోనో సీటొచ్చింది, చదువు అప్పు కావాలంటే మాత్రం మాట మారుతుంది. జమానతు ఎవరు? సర్కారు నౌకరున్నోళ్ల దస్తఖత్ తెస్తవా? టౌన్ల ఇల్లుందా? మీ ఊరు మా బ్రాంచి కిందికి రాదు. వచ్చే వారం రాండ్రి. ఆ వచ్చే వారం కాలేజీ ఫీజు గడువు దాటేదాకా రాదు.

మేం అడిగేది ఒక్కటే. నాలుగు లక్షల దాకా జమానతు ఎందుకు?

ఇది మేం కొత్తగా కోరుతున్న వరం కాదు. 2001లోనే ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ చదువు అప్పులకు ఒక నమూనా పథకం తయారుచేసింది. నాలుగు లక్షల వరకు ఆస్తి తాకట్టు లేదు, మూడో మనిషి జమానతు లేదు, చేతి నుంచి పెట్టాల్సిన వాటా కూడా లేదు. తల్లో తండ్రో పిల్లలతో కలిసి సంతకం పెడితే చాలు. నాలుగు దాటి ఏడున్నర లక్షల దాకా జమానతు, ఏడున్నర దాటితే ఆస్తి. ఇదీ లెక్క. నాలుగు లక్షల దాకా తాకట్టు అడగొద్దని రిజర్వ్ బ్యాంకు కూడా చెప్పింది. సర్వీస్ ఏరియా పేరు చెప్పి దరఖాస్తు తిప్పిపంపొద్దని 2012లో మళ్లీ చెప్పింది. పదిహేను రోజుల నుంచి నెలలోపు తేల్చాలని, కాదనాలంటే బ్రాంచి మేనేజరు ఒక్కడే కాదనకుండా పై ఆఫీసు ఒప్పుకోవాలని పథకంలోనే రాసి ఉంది.

పైగా 2015 నుంచి కేంద్రం ఒక హామీ నిధి పెట్టింది. తాకట్టు, జమానతు లేకుండా ఏడున్నర లక్షల దాకా ఇచ్చిన అప్పు మునిగితే, బాకీలో 75 శాతానికి ఆ నిధి హామీ ఉంటుంది. అంటే బ్యాంకుకు జమానతు సర్కారే ఇచ్చింది. అయినా మన రైతును ఇంకో జమానతు తెమ్మంటున్నారు. బ్యాంకు ఉద్యోగులు కూడా మా పాఠకులే. వాళ్లే చెప్పాలి, ఇదేం న్యాయం?

భూమి సంగతి వేరే చెప్పుకోవాలి. ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు ఎకరాల కొద్దీ పొలం చూపించినా బ్యాంకులు సాధారణంగా వద్దంటాయి. బాకీ పడితే కోర్టుకు పోకుండా ఆస్తిని పట్టుకునే అధికారం 2002 సర్ఫేసీ చట్టం బ్యాంకులకు ఇచ్చింది. వ్యవసాయ భూమి మాత్రం ఆ చట్టం కిందికి రాదు. రైతును కాపాడాలని పెట్టిన మినహాయింపు అది, మంచిదే. కానీ దాని ఫలితం చూడండి. నిజామాబాద్‌లో వంద గజాల ప్లాటు ఉన్నవాడి కొడుకుకు అప్పు పుడుతుంది, ఎడపల్లిలో ఐదెకరాలున్నవాడి కొడుకుకు పుట్టదు.

ఇక జీతం చిట్టీ. తండ్రి సంపాదన చూపించమంటారు. శక్కర్‌నగర్ కార్మికుడు ఏం చూపిస్తాడు? 1937లో పుట్టిన నిజాం షుగర్స్‌ను 2002లో 51 శాతం వాటాతో ప్రైవేటు చేతికి అప్పజెప్పారు. 2015 డిసెంబరు 23న లాకౌట్. 2019లో లిక్విడేషన్ ఆర్డర్. 2024 జనవరిలో పునరుద్ధరణ పేరుతో మంత్రివర్గ ఉపసంఘం. ఈ తేదీల మధ్యనే ఆ కార్మికుల పిల్లలు పది పాసై, ఇంటరు పాసై కాలేజీ గేటు దాకా వచ్చారు. తండ్రి జీతం ఆగింది తండ్రి తప్పువల్ల కాదు. ఆ శిక్ష బిడ్డ చదువుకు పడుతున్నది.

సిబిల్ స్కోరు ఇంకో అడ్డంకి. తండ్రి పాత అప్పుల బాకీ చూపి పిల్లల చదువు అప్పు ఆపడం కుదరదని 2020లో కేరళ హైకోర్టు చెప్పింది. విద్యార్థి స్కోరు తక్కువైనా అదే మాట అని 2023లో మళ్లీ చెప్పింది. కేరళ తీర్పు ఇక్కడ చట్టం కాదు, నిజమే. కానీ దరఖాస్తుతో పాటు దాన్ని ముందు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బ్యాంకు కాదంటే మనవాళ్లు ఎటు పోతున్నారు? షావుకారు దగ్గరికి. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. నాలుగు లక్షలకు నెలకు ఎనిమిది వేలు, అదీ ఒట్టి మిత్తి. అసలు అట్లనే కూర్చుంటుంది. ఇప్పుడు బ్యాంకు లెక్క చూద్దాం. ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లు, 10 శాతం వడ్డీ అనుకోండి. చదువున్నంత కాలం, ఆ పైన ఇంకో ఏడాది కిస్తు కట్టే పనిలేదు, కానీ సాధారణ వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మొదటి లక్షకు ఐదేళ్ల వడ్డీ 50 వేలు, రెండో లక్షకు 40, మూడోదానికి 30, నాలుగోదానికి 20. మొత్తం లక్షా నలభై వేలు. కిస్తు మొదలయ్యేనాటికి బాకీ ఐదు లక్షల నలభై వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,140 రూపాయలు. షావుకారుకు ఒట్టి మిత్తి కింద ఇచ్చేదానికంటే తక్కువకే ఇక్కడ అసలు కూడా తీరిపోతుంది. పదిహేనేళ్లు పెట్టుకుంటే కిస్తు 5,800కు దిగుతుంది, కానీ మొత్తం కట్టేది పది లక్షలు దాటుతుంది. చేతనైతే పదేళ్లే మేలు. చదివేటప్పుడే నెలనెలా వడ్డీ కట్టగలిగిన ఇంటికి కొన్ని బ్యాంకులు ఒక శాతం తగ్గిస్తాయి, అడగండి.

ఆ లక్షా నలభై వేలు కూడా పేదింటి పిల్లలు కట్టక్కర్లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపుంటే, వృత్తి, సాంకేతిక కోర్సులకు ఆ కాలపు వడ్డీ కేంద్రమే కట్టే పథకం 2009-10 నుంచి ఉంది. మీసేవలో ఆదాయ సర్టిఫికెట్ తీసి బ్యాంకులో ఇవ్వాలి. కాలేజీకి న్యాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉండాలి. మధ్యలో చదువు మానేస్తే సబ్సిడీ పోతుంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎనిమిది లక్షల ఆదాయం దాకా మూడు శాతం వడ్డీ తగ్గింపు ఉంది, కానీ అది ఎంపిక చేసిన సంస్థల్లో సీటొచ్చిన వాళ్లకే. ఐఐటీలో సీటొచ్చిన పిల్లవాడి వెనుక బ్యాంకులు ఎట్లాగూ తిరుగుతాయి. వర్ని, కోటగిరి పిల్లలు చేరే కాలేజీల్లో ఎన్ని ఆ జాబితాలో ఉంటాయి?

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, అప్పెందుకు అనేవాళ్లున్నారు. పది వేల ర్యాంకు దాటిన బీసీ ఇంజనీరింగ్ విద్యార్థికి సర్కారు ఇస్తూ వచ్చింది 35 వేలు. మిగతాది ఇంటి నుంచే. ఆ 35 వేలైనా ఎప్పుడొస్తాయో తెలియదు. బకాయిల కోసం 2025లో ప్రైవేటు కాలేజీలే తాళాలు వేసుకున్నాయి. బకాయి సర్కారుది, సర్టిఫికెట్ ఆగేది విద్యార్థిది.

విద్యార్థులకూ మేం రెండు మాటలు చెప్పాలి. మాఫీ వస్తుందని కూర్చోవద్దు. 2024లో రెండు లక్షల దాకా మాఫీ అయినవి పంట రుణాలు, చదువు అప్పులు కావు. మూడు నెలలు కిస్తు ఆగితే ఖాతా మొండి బాకీ అవుతుంది, పక్కన సంతకం పెట్టిన నాన్న పేరు కూడా పాడవుతుంది. రేపు ఆయనకు పంట లోను పుట్టదు. నౌకరీ రాకపోతే కిస్తు ఆగకముందే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి గడువు అడగండి, నిరుద్యోగ కాలానికి గడువు ఇచ్చే వీలు నమూనా పథకంలో ఉంది. ఇప్పటికే నౌకరీలో ఉండి కట్టేవాళ్లు పాత పన్ను విధానంలో ఉంటే 80ఈ కింద ఎనిమిదేళ్లు వడ్డీకి మినహాయింపు తీసుకోవచ్చు.

ఇక అమెరికా. 2023-24లో అక్కడ చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో మన ఊళ్ల పిల్లలూ ఉన్నారు. కన్సల్టెన్సీ వాడు చూపించే ప్రైవేటు ఫైనాన్స్ అప్పుకు వడ్డీ ఎక్కువ, చాలాచోట్ల చదివేటప్పటి నుంచే వడ్డీ మొదలు. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టింది. డాలర్ జీతం మీద ఆశతో లెక్కేసిన కిస్తు రూపాయి జీతంలో తీరదు. దుబాయి వీసా అప్పు ఏం చేస్తుందో ఆర్మూర్, బోధన్ ఇండ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అక్కడ తీరకపోతే ఇక్కడ ఎట్లా తీరుతుంది అన్న లెక్క వేసుకున్నాకే సంతకం పెట్టండి.

దరఖాస్తు చేతికిచ్చి ఊరుకోకండి. విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టండి, నంబరు ఉంటుంది. బ్రాంచిలో ఇస్తే రసీదు తీసుకోండి. కాదంటే కారణం కాగితం మీద రాసిమ్మనండి. నోటితో చెప్పిన కాదుకు సాక్ష్యం లేదు. బ్యాంకుకే ముందు ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి, పైసా ఖర్చు లేదు.

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడిన జిల్లా ఇది. కలెక్టర్ అధ్యక్షతన బ్యాంకర్ల సమావేశం జరుగుతూనే ఉంటుంది. పంట రుణాల లక్ష్యం చదువుతారు, చాయ్ తాగుతారు, లేస్తారు. వచ్చే సమావేశంలో ఇంకొక్క కాగితం చదవాలి: ఏ బ్రాంచికి ఎన్ని చదువు అప్పుల దరఖాస్తులు వచ్చినయ్, ఎన్ని ఇచ్చిన్రు, నాలుగు లక్షల లోపువి ఎన్ని, ఎందుకు కాదన్నరు. విద్యార్థి సంఘాలు, ఉద్యోగ సంఘాలు కలిసి ఆ కాగితం అడగాలి. ఎంసెట్ పేరు మారి ఎప్‌సెట్ అయింది, కౌన్సెలింగ్ మాత్రం ఏటా ఆ వానకాలమే. అది మొదలయ్యేలోపు లెక్క బయటికి రావాలి.