మిల్టనుల కొరకు నిరీక్షణ

అమెరికాలోని యూటా ప్రాంతమున 1888లో ఆర్సన్ విట్నీ అను మార్మన్ బిషప్పు యువజనుల నుద్దేశించి ప్రసంగించుచు, తమ సంఘమునుండియు మిల్టనులు, షేక్స్పియరులు ఉదయింపగలరని జోస్యము చెప్పెను. 1830లో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఆ సంఘమునకు అప్పటికి 60 ఏండ్లైన నిండలేదు. పలుచోట్ల తరుమబడి, 1847లో సాల్ట్ లేక్ లోయ చేరి, కాలువలు త్రవ్వి ఎడారిని పండించుకొన్న జనమది. కడుపు నిండిన పిదప కావ్యమును కోరుట తప్పు కాదు. కాని కాలువ త్రవ్వించినట్లు కావ్యమును వ్రాయించుట సాధ్యమా?

ఆ పిలుపు ననుసరించి మొదట వెలువడినవి నీతిబోధకములైన కథలు. నెఫై ఆండర్సన్ 1898లో ప్రకటించిన 'యాడెడ్ అపాన్' నవల వానిలో మిక్కిలి ప్రసిద్ధము. జన్మకు పూర్వపు లోకమునుండి మరణానంతర లోకము వరకు పాత్రలను నడిపించిన ఊహ గొప్పదే. మనుష్యులు మాత్రము బొమ్మలు. పాపమునకు ముందే పశ్చాత్తాపము సిద్ధముగా నున్న కథలో పాఠకునకు మిగులు పని యేమి? (పాఠశాలలకు పుస్తకము లెంచు ఉపాధ్యాయులకు ఇట్టి కథలు క్రొత్త కావు.)

1941లో మోరీన్ విపుల్ 'ది జెయంట్ జాషువా' నవలను వెలువరించెను. సెయింట్ జార్జి పట్టణ నిర్మాణము, బహుభార్యాత్వమున నలిగిన యువతి జీవితము అందలి వస్తువు. పూర్వుల త్యాగమును, కాఠిన్యమును ఆమె ఒక్కచూపుతో చూచెను. స్వజనులు నొచ్చుకొనిరి. ఆమె మరియొక నవలను ప్రకటింపలేదు.

ఆ పట్టణపు కళాశాలలోనే బోధించిన జువానిటా బ్రూక్స్ సాహసము ఇంకను గొప్పది. 1857లో మౌంటెన్ మెడోస్ వద్ద సుమారు 120 మంది బాటసారులు వధింపబడిరి. ఆ నింద చిరకాలము పయూట్ ఆదివాసులపైనను, మరణశిక్ష పొందిన జాన్ లీపైనను మోపబడినది. బ్రూక్స్ పత్రములు వెదకి, మార్మనుల బాధ్యతను 1950లో గ్రంథముగా నిరూపించెను. సంఘమును మాత్రము వీడలేదు. అది చరిత్రయే గాని నవల కాదు. అయినను విట్నీ కోరిన సాహిత్యమునకు పునాది అట్టి నిర్భీతియే కాని, నిర్దోషులైన కథానాయకులు కారు.

తరువాత అంగడి విజయములకు కొదువ లేదు. ఆర్సన్ స్కాట్ కార్డ్ 'ఎండర్స్ గేమ్' (1985), స్టెఫనీ మేయర్ 'ట్వైలైట్' (2005) లోకమంతట చదువబడినవి. కాని వానిలో యూటా మట్టి కానరాదు. ఆ మట్టి 1986లో లీవై పీటర్సన్ రచించిన 'ది బ్యాక్‌స్లైడర్'లో కలదు. పాపభీతితో కుమిలిపోవు పసులకాపరి యువకుడు అందలి నాయకుడు. కడపట అతనికి క్రీస్తు దర్శన మిచ్చును, తనవలెనే గుఱ్ఱమెక్కిన పసులకాపరియై.