చెరోకీలు చేసి చూపించారు, మనం అడగాలి కదా!

హెపటైటిస్ సి గురించి మనవాళ్లలో ఎంతమందికి తెలుసు? ఒంట్లో చేరాక ఇరవై, ముప్పై ఏళ్లు చడీచప్పుడు లేకుండా కాలేయాన్ని తినేస్తుంది. చాలామందికి కడుపులో నీరు చేరాకే బయటపడుతుంది. దీనికి టీకా లేదు, కానీ మందుంది. చాలామందికి పన్నెండు వారాల మాత్రలు సరిపోతాయి. నూటికి తొంభై మందికి పైగా పూర్తిగా నయమవుతుంది.

అమెరికాలో ఈ జబ్బుతో చనిపోయేవాళ్ల రేటు అక్కడి మూలవాసుల్లోనే ఎక్కువ. 2013లో కొత్త మందు వచ్చినప్పుడు అక్కడ ఒక్క మాత్ర ధర వెయ్యి డాలర్లు. అయినా ఒక్లహోమాలోని చెరోకీ నేషన్ ఊరుకోలేదు. 1830ల్లో సొంత నేల నుంచి సైన్యం తరిమేస్తే, దారిలో వేలమందిని పోగొట్టుకుని అక్కడికి చేరిన జాతి అది. 2015లో ఈ జబ్బును తమలో లేకుండా చేస్తామని పూనుకుంది. 20 నుంచి 69 ఏళ్లవాళ్లలో 85 శాతం మందికి పరీక్ష చేయాలని లక్ష్యం పెట్టుకుంది. పంటి నొప్పికి వచ్చినా, ఎమర్జెన్సీకి వచ్చినా పరీక్ష చేశారు. స్పెషలిస్టు కోసం రోగిని తిప్పకుండా స్థానిక డాక్టర్లకు, ఫార్మసిస్టులకే శిక్షణ ఇచ్చారు. ఆసుపత్రులు జాతి చేతిలో ఉన్నాయి కాబట్టే ఇది కుదిరింది.

మరి మన సంగతి? 2018 జూలై 28న కేంద్రం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. పరీక్షలు, మందులు ఉచితం. మందు మన దేశంలోనే తయారవుతుంది. కానీ గూడెం నుంచి జిల్లా ఆసుపత్రికి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం. పరీక్షకు ఒకసారి, వైరస్ ఉందని తేల్చుకోడానికి ఇంకోసారి, మందులకు మరోసారి. ఉచితం అన్న మాట ఆ దారిలోనే అరిగిపోతుంది.

అందుకే మన డిమాండ్ ఒక్కటే: రోగి కాదు, రక్తం శాంపిల్ ప్రయాణం చేయాలి. పీహెచ్‌సీలో, వారపు సంతలో పరీక్ష జరగాలి. మందు పీహెచ్‌సీకే రావాలి.

మన చేతిలో ఉన్న పని కూడా ఉంది. ఇది రక్తం ద్వారా వస్తుంది. ఇంజక్షన్ ఎవరు వేసినా కొత్త సిరంజి అడగండి. జాతరలో పచ్చబొట్టు వద్దనడం లేదు, సూది, రంగు మార్చమంటున్నాం. ఒకరి బ్లేడు ఇంకొకరు వాడొద్దు. కలిసి తింటే ఈ జబ్బు రాదు, కాబట్టి ఎవరినీ వెలేయొద్దు.

2030 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం. ఆ లెక్కలో మన గూడేలు ఉండాలంటే ఈ వారమే మీ పీహెచ్‌సీకి వెళ్లండి. 'ఇక్కడ హెపటైటిస్ సి పరీక్ష చేస్తారా?' అని అడగండి. లేదంటే, ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి. ఆ కాగితాలన్నీ కలిపి కలెక్టర్ ముందు పెడదాం.