ల్యాప్‌టాప్‌ను పారవేయకముందు డిస్కు మార్చుడు

కళాశాలల యాజమాన్యములకును, తల్లిదండ్రులకును విజ్ఞప్తి

మీట నొక్కిన పిమ్మట అయిదాఱు నిమిషములకు గాని తెర సిద్ధము కాదని విసిగి, కొన్నియేండ్లు వాడిన ల్యాప్‌టాప్‌ను పనికిరానిదిగా నిర్ణయించి, క్రొత్తదాని కొఱకు అప్పు చేయుట మన మధ్యతరగతి గృహములలో పరిపాటియైనది. కళాశాలలలోనైతే అట్టి యంత్రములు ల్యాబు మూలలో గుట్టలుగా పడియుండి, కడకు పాత ఇనుము వెలకు వేలమునకు పోవుచున్నవి. వానిలో అనేకమునకు ప్రాసెసరు చెడలేదు, తెర మాయలేదు, కీబోర్డు అరుగలేదు. మందగించినది హార్డ్ డిస్కు ఒక్కటియే. కావున ఏ యంత్రమునైనను కండెమ్ చేయుటకు ముందు దాని డిస్కును మార్చి చూడవలెననియు, డిస్కు మార్చుటకు వీలులేని ల్యాప్‌టాప్‌ను ఇకమీదట ఏ విద్యాసంస్థయు కొనరాదనియు మేము ప్రతిపాదించుచున్నాము.

1956లో ఐ.బి.ఎం. సంస్థ ఏబది పళ్లెములతో నిర్మించిన రామాక్ యంత్రమునకును, మన ల్యాప్‌టాప్‌లోని అరచేతి ప్రమాణపు హార్డ్ డిస్కునకును మూలసూత్రము ఒక్కటియే: అయస్కాంతపు పూతగల పళ్లెము గిరగిర తిరుగుచుండగా, దానిపై ఒక చేయి ఇటునటు కదలుచు కోరిన సమాచారమును వెదకి తెచ్చును. నిమిషమునకు 5400 పర్యాయములు తిరుగు పళ్లెమునకు ఒక్క ప్రదక్షిణకు 11 మిల్లీసెకండ్లు పట్టును. చేయి తావు చేరుటకు మఱికొంత కాలము. విండోస్ మేల్కొనునపుడు వేలకొలది చిన్న ఫైళ్లను చదువవలసియుండును గనుక, ఈ మిల్లీసెకండ్లే కూడి నిమిషములగుచున్నవి. జపానులో తోషిబా సంస్థ యింజనీరు ఫుజియో మసువోకా 1980ల దశకమున రూపొందించిన ఫ్లాష్ మెమొరీపై ఆధారపడిన ఎస్.ఎస్.డి.లో కదలు భాగమే లేదు. కోరిన సమాచారము మిల్లీసెకండులో పదవవంతు కాలములోనే లభించును. క్రొత్త ల్యాప్‌టాప్ వెలలో స్వల్పభాగమునకే ఇది దొరకుచుండగా, యంత్రమునంతటిని త్యజించుట ఎట్టి పొదుపు?

డిస్కు మార్చుట నిపుణులకే సాధ్యమైన శస్త్రచికిత్స యనుకొని జంకనక్కరలేదు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోని మెకానిక్కులు చేయుచున్న ఈ పనిని పాలిటెక్నిక్ విద్యార్థులు అధ్యాపకుల సమక్షమున చేయగలరు, చేయవలెను కూడ. అయితే కొనుటకు ముందు యంత్రమున ఉన్నది 2.5 అంగుళముల సాటా డిస్కు చోటో, 22 మిల్లీమీటర్ల వెడల్పుగల ఎమ్.2 కార్డు చోటో చూచుకొనవలెను. ఎమ్.2లోనే సాటా, ఎన్.వి.ఎమ్.ఇ. అను రెండు జాతులు చూపునకు ఇంచుమించు ఒక్కతీరుగా నుండి, ఒకదాని స్థానమున మఱియొకటి పనిచేయకపోవుట కలదు. డిస్కునకు బిట్‌లాకర్ అను గూఢలిపి రక్షణ వేసియున్నచో దాని రికవరీ కీని ముందే వ్రాసి దాచుకొనవలెను. క్లోన్‌జిల్లా వంటి ఉచిత సాధనముతో పాత డిస్కును క్రొత్తదానికి యథాతథముగా ప్రతి తీసి, ఛార్జరు తొలగించి, బ్యాటరీ తీగను విడదీసిన పిమ్మటనే లోపలి స్క్రూలపై చేయి వేయవలెను.

తీసివేసిన డిస్కును షాపులో విడిచి వచ్చుట మహాప్రమాదము. డిలీట్ చేసినంత మాత్రమున ఫైలు నశింపదు. దాని చిరునామా మాత్రమే చెరిగి, అసలు సమాచారము దానిపై వేఱొకటి వ్రాయబడువఱకు అక్కడనే నిలిచియుండును. విద్యార్థుల మార్కుల జాబితాలు, ఆధార్ ప్రతులు, కుటుంబ ఛాయాచిత్రములు పరుల హస్తగతము కాకుండ, ఆ డిస్కును అడిగి తెచ్చుకొనుట యజమాని హక్కు.

ఇక రెండవ ప్రతిపాదన. 2020లో వెలువడిన ఆపిల్ ఎమ్1 మ్యాక్‌బుక్‌లలోను, నేటి పెక్కు పలుచని యంత్రములలోను నిల్వ చిప్పులను మదర్‌బోర్డునకే సోల్డరింగు చేయుచున్నారు. బోర్డు కాలిన నాడు అందలి సమాచారమును దక్కించుకొనుట దుర్లభము. చోటు చాలని నాడు లోపల పెంచుకొను దారి లేదు. పలుచదనము కొఱకని సమాధానము చెప్పుదురు గాని, సామాన్యముగా నాలుగు మిల్లీమీటర్ల మందము మించని కార్డునకు చోటు లేదనుట మాకు సమ్మతము కాదు. భారత ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మత్తు హక్కుపై 2022 జులైలో సంఘమును నియమించినది. ఐరోపా సమాఖ్య 2024లో ఆదేశమునే వెలువరించినది. చట్టముల గతి మందము. పెద్ద మొత్తమున కొను సంస్థ యొక్క టెండరు పత్రము అంతకంటె త్వరితముగా తయారీదారుల చెవికెక్కును.

పాత యంత్రములలో పెక్కు విండోస్ 11కు అర్హములు కావన్నది నిజమే. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినదియు నిజమే. అట్టివానిలో క్రొత్త డిస్కుతో పాటు లినక్స్ వేసిన, ప్రోగ్రామింగు నేర్చుటకును, తెలుగు టైపు చేయుటకును అవి చక్కగా పనికివచ్చును.

కావున వచ్చు స్టాకు తనిఖీ నాటికి ప్రతి కళాశాలయు కండెమ్ జాబితాలోని ల్యాప్‌టాప్‌లను వెలికి తీసి, ఒకదానికి ఎస్.ఎస్.డి. అమర్చి పరీక్షించి, ఫలితమును పాలకమండలి యెదుట నుంచవలెను. తరువాతి టెండరులో “లోపలి డిస్కు స్క్రూలు విప్పి మార్చుకొనదగినదై యుండవలెను, మార్చినంత మాత్రమున వారంటీ రద్దు కారాదు, తీసిన డిస్కు సంస్థకే చెందును” అను నిబంధనను చేర్చవలెను.