మందు అమ్మే విద్య

ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, ‘ఫార్మసీ పిల్లలకు మందులమ్మడం నేర్పుతా’నంటాను.

‘దానికీ చదువెందుకండీ? రోగం వచ్చినవాడు తానే పరుగెత్తుకొస్తాడు గదా!’ అంటారు మా వీధి పెద్దలు.

నిజమే. కాని బియ్యం బాగులేకపోతే వండిన పూటే తెలుస్తుంది. మందు సంగతి మింగేవాడికి తెలియదు. చెప్పినవాడి మాటే ఆధారం. చిక్కంతా అక్కడే.

బి.ఫార్మసీ ఎనిమిదో సెమిస్టరులో ‘ఫార్మా మార్కెటింగ్ మేనేజ్‌మెంట్’ అని ఒక ఐచ్ఛిక పాఠం ఉంది. మొన్న క్లాసులో నొప్పుల మాత్రల పెట్టె బల్లమీద పెట్టి, ‘నేను డాక్టర్ని. దీన్ని గురించి నాకు చెప్పండి’ అన్నాను.

ఒక కుర్రవాడు కాలరు సర్దుకుని లేచాడు. ‘సార్, ఇది పూర్తిగా సురక్షితం. సైడ్ ఎఫెక్టులన్నవే లేవు!’ అన్నాడు గుక్కతిప్పుకోకుండా. క్లాసంతా చప్పట్లు.

నాకు మాత్రం చేతులు రాలేదు. ఇరవై అయిదేళ్ళ క్రితం, మెడికల్ రిప్రజెంటేటివుగా తిరిగే రోజుల్లో, సరిగ్గా ఈ మాటే మా మేనమామకు చెప్పాను. ఆయనకు రక్తపోటు, పైగా మోకాళ్ళ నొప్పులు. మేనల్లుడికి తెలియదా అని నెలల తరబడి మింగాడు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

వెనక బెంచీ అమ్మాయి మెల్లగా లేచింది. ‘సార్, రక్తపోటు, అల్సరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఇది రాసేముందు ఆలోచించండి. మిగతావారికైనా కొద్ది రోజులే...’

‘ఇలా చెబితే ఎవరు రాస్తారే!’ అని నవ్వారు.

అప్పుడు చెప్పాను. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం మందుల ప్రచారానికి ఒక నియమావళి తెచ్చింది. దాని ప్రకారం ‘సురక్షితం’ అని ఊరికే అనరాదు. దుష్ఫలితాలు లేవని చెప్పరాదు. ఏడాది దాటిన మందును ‘కొత్తది’ అనరాదు. డాక్టర్లకు కానుకలివ్వరాదు.

‘నియమం సరే, వ్యాపారం మాట చూడండి. కూడదన్నచోట కూడదని చెప్పినవాణ్ణే, మంచిదన్నప్పుడు డాక్టరు నమ్ముతాడు. రెండోసారి తలుపు తెరిచేది వాడికే.’

గంట కొట్టారు. అందరూ వెళ్ళాక ఆ కుర్రవాడు గుమ్మం దగ్గర నిలబడిపోయాడు.

‘సార్, మా నాన్నకు బి.పి. ఉంది. ఆ మాత్రలు రోజూ వేసుకుంటాడు. మంచివని నేనే...’

‘ఇప్పుడే ఫోను చేసి, వెంటనే డాక్టరుకు చూపించుకోమని చెప్పు నాయనా’ అన్నాను. ‘ఆయన చేత ఒప్పించావంటే, ఈ పాఠం నీకు వచ్చినట్టే!’