కణ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌కు సమాంతర రేఖీయ బీజగణిత లైబ్రరీ ఎంపికపై తీర్మానం

ప్లాస్మా కణాల సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌ను నిర్వహించే సాంకేతిక సంఘం సర్వసభ్య సమావేశం ఆమోదించినది.

పూర్వాపరాలు

మన సాఫ్ట్‌వేర్ పార్టికిల్-ఇన్-సెల్ పద్ధతిలో నడుస్తున్నందున; ప్రతి అడుగులోనూ కణాల విద్యుదావేశాన్ని గ్రిడ్ మీదికి పంచి, పాయిజాన్ సమీకరణాన్ని సాధించి, వచ్చిన విద్యుత్ క్షేత్రంతో కణాలను జరపవలసి ఉన్నందున;

కణాలను జరిపే పనిని ప్రాసెసర్లు చాలావరకు విడివిడిగా చేసుకోగలిగినా, పాయిజాన్ సమీకరణం గ్రిడ్ మొత్తాన్ని ముడివేస్తున్నందున, ప్రాసెసర్ల సంఖ్య పెరిగేకొద్దీ జాప్యం అక్కడే పేరుకుంటున్నందున;

100×100×100 బిందువుల గ్రిడ్‌లో 10 లక్షల అజ్ఞాత రాశులు ఉన్నా, ఆ సమీకరణం నుంచి వచ్చే మాత్రికలో ఒక్కో వరుసకు సున్నా కాని విలువలు 7కు మించనందున; ఆ విలువలకు 56 మెగాబైట్లు చాలుననీ, సున్నాలతో సహా మొత్తం దాచితే 8 టెరాబైట్లు కావాలనీ గమనించినందున;

పెట్టె అంచులు ఆవర్తకంగా, గ్రిడ్ ఏకరీతిగా ఉంటే ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ సరిపోయినా, మన పరికరాల్లోని ఎలక్ట్రోడ్‌ల వంకర ఆకారాలకు అది నేరుగా కుదరనందున;

ఈ సమావేశంలో కింది విధంగా తీర్మానించడమైనది:

1. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో పుట్టిన పెట్‌సీని ప్రధాన లైబ్రరీగా స్వీకరించాలి. అది ప్రాసెసర్ల మధ్య సందేశాలు పంపే ఎంపీఐ మీద నడుస్తుంది, ఫోర్ట్రాన్‌లో ఉన్న మన కోడ్ నుంచి నేరుగా పిలవవచ్చు, దాని బీఎస్‌డీ లైసెన్స్ మన పంపిణీకి అడ్డు కాదు.

2. సాధనకు కాంజుగేట్ గ్రేడియంట్ పద్ధతిని, ప్రీకండిషనర్‌గా లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల వారి హైప్రె లైబ్రరీలోని బూమర్‌ఏఎంజీ అనే మల్టీగ్రిడ్‌ను వాడాలి. ప్రీకండిషనర్ లేకపోతే గ్రిడ్ సూక్ష్మమయ్యేకొద్దీ ఆవృత్తులు పెరిగిపోతాయి. మల్టీగ్రిడ్‌తో అవి దాదాపు నిలకడగా ఉంటాయి. హైప్రెను పెట్‌సీ ద్వారానే పిలవవచ్చు గనుక కోడ్ తిరగరాయనక్కరలేదు.

3. స్కాలపాక్ లైబ్రరీ పూర్తి మాత్రికల కోసం కట్టినది గనుక ఈ పనికి వాడరాదు. సాండియా ప్రయోగశాల వారి ట్రిలినోస్ సమర్థమైనదే. అయితే సీ++లో రాసిన కోడ్‌కు అది ఒదిగినంతగా మన కోడ్‌కు ఒదగదు. అందుచేత ప్రస్తుతానికి ప్రత్యామ్నాయంగా మాత్రమే ఉంచాలి.

4. కణాల భాగం లైబ్రరీని నేరుగా పిలవరాదు. మాత్రిక నిర్మాణం, కుడివైపు వెక్టర్ నింపడం, సాధన, మెమరీ విడుదల అనే నాలుగు పనులూ ఒకే మాడ్యూల్ ద్వారా జరగాలి. రేపు లైబ్రరీ మార్చవలసి వస్తే మార్పు ఆ మాడ్యూల్‌కే పరిమితం కావాలి.

5. ఎలక్ట్రోడ్‌లు కదలనంతవరకు మాత్రిక మారదు గనుక ప్రీకండిషనర్‌ను ఒక్కసారే నిర్మించి ప్రతి అడుగులోనూ వాడాలి. గత అడుగులోని పొటెన్షియల్‌నే తొలి అంచనాగా ఇవ్వాలి.

6. ప్రాసెసర్ల సంఖ్య మారితే కూడికల క్రమం మారి చివరి అంకెలు తేడా పడతాయి. కనుక పరీక్షలు అంకె అంకెనూ పోల్చక, ముందే నిర్ణయించిన సహనపరిమితిలో పోల్చాలి. సమాధానం సూత్రరూపంలో తెలిసిన ఆవేశిత గోళం లెక్క తప్పనిసరి పరీక్షగా ఉండాలి.

7. కాంజుగేట్ గ్రేడియంట్ ప్రతి ఆవృత్తిలోనూ ప్రాసెసర్లన్నిటి మొత్తాలను కలపాలి. అక్కడ ప్రాసెసర్లు ఒకదానికోసం ఒకటి ఆగుతాయి. ఈ నిరీక్షణ సమయాన్ని కణాల సమయం నుంచి వేరుచేసి కొలిచి, ప్రతి విడుదలతోపాటు ప్రకటించాలి.

8. జీపీయూ మీదికి ముందు కణాల భాగాన్ని తరలించాలి. సీపీయూకూ జీపీయూకూ మధ్య డేటా రాకపోకల ఖర్చును కొలిచాకే సాధన భాగం సంగతి తేల్చాలి.

సంఘం కార్యదర్శి ప్రతిపాదించగా, పరీక్షల విభాగం బాధ్యులు బలపరచగా, ఈ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. ఇది తదుపరి విడుదల నుంచి అమలులోకి వస్తుంది. ఏడవ అంశం కింద వచ్చే కొలతలే ఏడాది తరువాత జరిగే సమీక్షకు ఆధారం.