భూసేకరణ వీధివాళ్ల చేతికొస్తే

భూసేకరణ అన్న మాట వింటే మన ఊళ్లలో గుండె గుభేలుమంటుంది. రింగురోడ్డనో, రిజర్వాయరనో, సెజ్ అనో నోటీసు వస్తుంది. వెనకే సర్వేయరు గొలుసు పట్టుకుని దిగుతాడు. చివరికి పొలం పోతుంది. ఆ అధికారం ఎప్పుడూ పైనుంచి కిందికి దిగేదే. అలాంటి అధికారాన్ని ఒక పేద వాడ జనం సర్కారును అడిగి తమ చేతుల్లోకి తీసుకున్నారంటే వెంటనే నమ్మబుద్ధి కాదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో, రాక్స్‌బరీలోని డడ్లీ వీధివాళ్లు 1988లో ఆ పని చేశారు.

అప్పటికి వాళ్ల చుట్టూ 1,300 దాకా ఖాళీ స్థలాలు ఉండేవి. వాటి వెనక పెద్ద కథే ఉంది. 1930లలో ఒక ఫెడరల్ సంస్థ నగరాల పటాలు గీయించి, నల్లవాళ్లూ పేదలూ ఉండే వాడలకు ఎర్రరంగు పూసింది. అక్కడ అప్పిస్తే మునిగిపోతారని దాని అర్థం. అప్పు పుట్టని చోట ఇల్లు కొనేవాడుండడు, ఉన్న ఇంటికి మరమ్మతూ జరగదు. ఆ తర్వాత తెల్లవాళ్లు శివార్లకు తరలిపోయారు. 1970లలో కొందరు యజమానులు అద్దె కంటే బీమా సొమ్మే గిట్టుబాటని లెక్కగట్టి సొంత ఇళ్లకే నిప్పు పెట్టించారు. బూడిదైన స్థలాలు చెత్తకుప్పలయ్యాయి. అదైనా వాడకట్టు చెత్తా? కాదు. ఎక్కడెక్కడి లారీలు వచ్చి కూల్చిన గోడల రద్దు, పాత ఫ్రిజ్‌లు, పాడైన సరుకు కుమ్మరించి వెళ్లేవి.

1985లో ఒక చర్చిలో సభ పెట్టారు. రైలీ ఫౌండేషన్ అనే దాతృసంస్థ డబ్బివ్వడానికి సిద్ధంగా ఉంది. స్వచ్ఛంద సంస్థలు కలిసి వాడను బాగుచేసే ఏర్పాటు ఒకటి రాసుకొచ్చాయి. పాలకమండలిలో ఎవరెవరుంటారో చెప్పగానే సభలోంచి ఒక ప్రశ్న లేచింది: మీలో ఇక్కడ కాపురం ఉండేవాళ్లు ఎందరు? ఆ లెక్క చాలా చిన్నది. దాంతో వేదిక మీది పథకం తలకిందులైంది. డబ్బిచ్చేవాళ్లు అలిగి వెళ్లిపోలేదు, మండలిని మళ్లీ కూర్చడానికి ఒప్పుకున్నారు. ఈ కథలో నాకు అన్నిటికంటే అరుదుగా తోచేది ఇదే. మన దగ్గర దాతను సభలో నిలదీస్తే మర్నాటికి శిలాఫలకం కూడా మిగలదు.

కొత్త మండలిలో పెద్ద వాటా నివాసులది. నల్లవాళ్లు, కేప్ వెర్డీ దీవుల నుంచి వచ్చినవాళ్లు, లాటినోలు, తెల్లవాళ్లు అనే నాలుగు వర్గాలకూ జనాభా హెచ్చుతగ్గులతో నిమిత్తం లేకుండా సమానంగా సీట్లు పెట్టారు. సంఖ్యాబలమున్న వర్గం తన వాటా ఎక్కువుండాలని పట్టుబట్టి ఉంటే సంస్థ అక్కడే చీలిపోయేది. డడ్లీ స్ట్రీట్ నైబర్‌హుడ్ ఇనిషియేటివ్ అలా నిలదొక్కుకుంది.

ఇళ్ల సంగతి తర్వాత, ముందు చెత్త సంగతి చూశారు. 1986లో ‘మా నెత్తిన పోయకండి’ అంటూ ఉద్యమం నడిపి, మేయర్ రే ఫ్లిన్‌ను రప్పించి, అక్రమ చెత్త కేంద్రాలను మూయించారు. చేతికి అందే గెలుపు ఒకటి చూశాకే జనం పెద్ద ప్రణాళిక గీసే సమావేశాలకు వచ్చారు. ఆ ప్రణాళికకు అడ్డం స్థలాలే. నగరపాలికవీ ప్రైవేటువీ చిందరవందరగా కలిసిపోయి ఉన్నాయి. యజమానులు కొందరు ఎక్కడున్నారో తెలియదు, కొందరిది ఏళ్ల తరబడి పన్ను బకాయి. అప్పుడడిగారు భూసేకరణ అధికారం. సుమారు 60 ఎకరాల త్రికోణంలో, ఎవరూ కాపురం లేని ఖాళీ స్థలాలకు మాత్రమే. నగరం ఇచ్చింది. అమెరికాలో ఒక వాడ సంఘానికి ఈ అధికారం దక్కడం అదే మొదలు.

స్థలం వచ్చాక ఏం చేశారన్నది ఇంకా ముఖ్యం. ఇల్లు కొన్నవాళ్లది, కింద నేల సంఘం ట్రస్టుది. 99 ఏళ్ల లీజు. కొన్నవాళ్లు ఉండొచ్చు, పిల్లలకు ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అయితే లీజులో రాసుకున్న సూత్రం ప్రకారమే ధర కట్టాలి, తర్వాత కొనేదీ మళ్లీ సామాన్య కుటుంబమే కావాలి. ఆ త్రికోణంలో వందల ఇళ్లు లేచాయి. పెద్ద గ్రీన్‌హౌస్ వచ్చింది, 2012లో సంఘం పేరు మీదే బడి తెరిచారు. 2008లో ఇళ్ల అప్పుల సంక్షోభం అమెరికాను ముంచినప్పుడు ఇలాంటి ట్రస్టుల ఇళ్లలో జప్తుకు వెళ్లినవి చాలా తక్కువ. అప్పు పత్రం మీద సంతకం పెట్టేముందు చదివిపెట్టేవాళ్లు, వాయిదా తప్పితే బ్యాంకు కంటే ముందు తలుపు తట్టేవాళ్లు ఉండటం ఒక ముఖ్య కారణం.

ఈ నేల ట్రస్టు ఆలోచనకున్న వేళ్లలో ఒకటి తెలంగాణలో ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లి దళితులు 80 ఎకరాలు కావాలంటే, భూదానోద్యమ నాయకుడు వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిచ్చారు. పేదవాడి పేరుకు మారిన భూమి అప్పుకింద మళ్లీ జారిపోకూడదని, నేలను ఊరుమ్మడిగా ఉంచే గ్రామదానం ఆ తర్వాత వచ్చింది. దాన్ని శ్రద్ధగా గమనించిన అమెరికన్ రాబర్ట్ స్వాన్. ఆయనా, చార్లెస్ షెరాడ్, షర్లీ షెరాడ్ వంటి పౌరహక్కుల ఉద్యమకారులూ కలిసి 1969లో జార్జియాలో నల్లజాతి రైతుల కోసం ‘న్యూ కమ్యూనిటీస్’ పెట్టారు. దాదాపు 5,700 ఎకరాలు. కరువొచ్చింది, ప్రభుత్వ రుణసంస్థ వివక్ష చూపింది, 1985 నాటికి భూమి పోయింది. ఆ వివక్షకు పరిహారం రావడానికి 2009 దాకా ఆగాల్సి వచ్చింది. కానీ నేర్చుకున్న పద్ధతి ఇతర నగరాలకు పాకింది, బోస్టన్ వాటిలో ఒకటి.

మరి పుట్టినచోట? హైదరాబాద్ చుట్టుపక్కల భూదాన భూములు కోర్టు కాగితాల్లో నలుగుతున్నాయి. అసైన్డ్ భూమి అమ్మకూడదని 1977లోనే చట్టం చేశాం. తెల్లకాగితం మీద చేతులు మారుతూనే ఉంది. చట్టంలో లోటు కన్నా కావలి లోటు పెద్దది. కాపలా ఉండాల్సిన తహసీల్దారు ఎప్పుడు బదిలీ అవుతాడో ఆయనకే తెలియదు. పక్కింటివాడు మాత్రం ఎక్కడికీ పోడు, కానీ అతనికి ఏ హక్కూ ఇవ్వలేదు.

డడ్లీ పద్ధతి మీద గట్టి అభ్యంతరం ఒకటుంది. తరతరాలుగా ఇంటి ఆస్తి దక్కనివ్వని నల్లవాళ్లకు, తీరా ఇల్లు దొరికాక ధరకు కళ్లెం వేస్తారా, తెల్లవాళ్ల శివార్లలో వేశారా అని. న్యాయమైన ప్రశ్నే. నాకు దీనికి పూర్తి జవాబు కనిపించలేదు. ఒకటి మాత్రం అనగలను: ఆ కళ్లెం బయటివాళ్లు వేసింది కాదు, ఓటున్న నివాసులు కూర్చుని రాసుకున్నది. ఇష్టం లేనివాళ్లు అది లేని ఇల్లు వేరేచోట కొనుక్కోవచ్చు.

మన డబుల్ బెడ్‌రూం కాలనీల్లో, టిడ్కో బ్లాకుల్లో ఇల్లు పొందినవాడే ఉంటున్నాడా, అద్దెకిచ్చాడా, అమ్ముకున్నాడా అని తేల్చడానికి అధికారులు తిరుగుతుంటారు. ఆ వివరం మెట్ల దగ్గర కూరగాయలు తరుక్కునే ఏ అమ్మనడిగినా నిమిషంలో చెబుతుంది. తాళం పడ్డ ఇల్లు మళ్లీ ఎవరికివ్వాలో తేల్చడంలో ఆ కాలనీ సంఘానికి ఓటు ఇచ్చి చూడొచ్చు. కాంప్లెక్సులోని దుకాణాలు, మిగిలిన ఖాళీ జాగా సంఘం పేర దీర్ఘకాలిక లీజు మీద రాయొచ్చు. కొత్త కాలనీ ఒక్కదానితో మొదలుపెట్టినా చాలు.